తిత్తిలోని రెండు బిరడాలు

"నా కొడుకును సంపింది నేనే సారూ. ఇంగ నువ్వు ఎవుర్నీ ఎతకొద్దు."

వరమ్మ ఈ మాట అన్నప్పుడు శనివారం ఉదయం ఏడూ పది. టైము రాసుకోవడం నాకు అలవాటు కాబట్టి పుస్తకం తీశాను గానీ చెయ్యి కదల్లేదు. గురువారం సాయంత్రం ఆమె కొడుకు యేసుప్రసాద్ ఊరి పక్క రిజర్వాయరులో మునిగిపోయాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి శవం దొరికింది. ఆ సాయంత్రమే పాస్టరు ప్రార్థన చేసి పూడ్పించాడు. నేను వచ్చేసరికి మిగిలింది ఒక మట్టిదిబ్బ, ఈమె.

నా పేరు కేశవయ్య. ఇరవయ్యెనిమిదేళ్ళు కర్నూలులో బస్సు డిపో ఫోర్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాను. యేసుప్రసాద్ నా దగ్గర రెండేళ్ళు అప్రెంటిస్. శబ్దం విని ఇంజను రోగం చెప్పగల కుర్రాళ్ళు నా సర్వీసులో ఇద్దరే తగిలారు, వాళ్ళలో వీడొకడు. మంగళవారం వాడు కోడుమూరు నుంచి ఫోన్ చేశాడు. "సార్, ఒక ఇంజను కొనాలా వద్దా అని మీతో మాట్లాడాల" అన్నాడు. "ఆదివారం రారా, ఇప్పుడు పనిలో ఉన్నా" అన్నాను. నేనున్న పని క్యారమ్స్ ఆట. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాసేస్తున్నాను.

"ఎట్లా చంపినావు వరమ్మా?" అన్నాను.

ఆమె నడుముకు దోపుకున్న గుడ్డ తిత్తి తీసి విప్పింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ. వాటి అడుగు నుంచి రెండు నల్లటి ప్లాస్టిక్ బిరడాలు తీసి నా చేతిలో పెట్టింది. వాటి రబ్బరు రింగులు ఎండి పగుళ్ళిచ్చాయి.

"ఆ నీల్ల బండి ఎనకాల కింద రెండు తూట్లుంటాయి సారూ. లోపల చేరిన నీల్లు పోయేదానికి. మాపటేళ బండి ఇంటికొస్తానే వాడు ఇవి ఊడదీసి నా చేతికిచ్చేవాడు. నేను తూట్ల కింద తొట్టి పెట్టి నీల్లు పట్టుకునేదాన్ని. బిరడాలు యాడన్నా పడిపోతాయని తిత్తిలో ఏసుకునేదాన్ని. పొద్దున మల్లా ఇచ్చేదాన్ని. గురువారం నేను తెల్లారకముందే చెనిక్కాయలు పెరికేదానికి పోతి. వాడు మద్యాన్నం బండి తీసుకోనిపాయ. ఐదు గంటలప్పుడు చేన్లోకి కబురొచ్చె. పరిగెత్తుకుంటా పోతాండా, తిత్తి నడుముకు ఒత్తుకునె. బిరడాలు నా కాడే ఉండాయి."

ఆమె ఏడవలేదు. రెండు రోజులుగా ఏడవలేదని పక్కింటివాళ్ళు చెప్పారు. తప్పు చేసిన మనిషి ఏడిస్తే ఎవరు నమ్ముతారన్నట్టు అరుగు మీద బిగుసుకుని కూర్చుంది. ఎన్నో ఒప్పుకోళ్ళు విన్నాను నేను. ఇలాంటిది వినలేదు. బిరడాలు తిరిగి ఆమె తిత్తిలోనే వేశాను.

కథ పూర్తిగా చెప్పాలి. నాలుగేళ్ళ కరువు తర్వాత ఈ ఏడు, అంటే 2005లో, రిజర్వాయరు నిండింది. కర్నూలు బట్టల వ్యాపారుల ఇంటివాడు ధనుంజయ అక్కడ బోటింగు లీజుకు తీసుకున్నాడు. పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి సెకండ్‌హ్యాండ్ వాటర్ స్కూటర్ ఒకటి బేరం పెట్టాడు. నీళ్ళ మీద నడిచే మోటారు సైకిలు అనుకోండి. అమ్మేవాడు బసవరాజు అని హోస్పేట వైపు బ్రోకరు. "డ్యాములో మంచినీళ్ళ మీద నలభై గంటలు తిరిగిన బండి, సముద్రం మొహం చూడలేదు" అన్నాడట. వారం రోజులు నడిపి చూసుకొమ్మన్నాడు. చూసే పని బోరు మోటార్ల మెకానిక్కు యేసుప్రసాద్‌కు అప్పగించారు. రిజర్వాయరు షెడ్డుకు అప్పటికి తలుపు లేదు. అందుకని బండి వారం పాటు వరమ్మ వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది.

వాకిలి చూడటం మొదలుపెట్టాను. మూలన నీళ్ళ డ్రమ్ము, దానికి గొట్టం. రోజూ సాయంత్రం ఇంజనులోకి మంచినీళ్ళు పోనిచ్చి అయిదు నిమిషాలు కడగాలి. అది నియమం. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊళ్ళో అయిదు నిమిషాలు నీళ్ళు నేలపాలు చెయ్యడమంటే ఎవరికీ మనసొప్పదు. ఇంజనులోంచి వచ్చిన నీళ్ళు కూడా వరమ్మ తొట్టిలో పట్టింది.

డ్రమ్ము పక్కన చామంతి మళ్ళు రెండున్నాయి. ఒకటి మొగ్గలేసి పచ్చగా ఉంది. రెండోది నిలువునా మాడిపోయింది.

"దీనికేమైంది?"

"మొదటి దినం బండి కడిగిన నీల్లు దానికి పోస్తి సారూ. మూడు దినాలకే మాడిపాయ. ఆయిలు నీల్లు పడలేదేమో అనుకుంటి."

"మిగతా రోజుల నీళ్ళో?"

"ఈ పచ్చ మడికే పోస్తాంటి. దీనికేం కాల్యా."

మాడిన మడి మట్టి మీద పల్చటి తెల్ల పొర ఉంది. వేలితో తీసి నాలుకకు రాసుకున్నాను. ఉప్పు. ఆయిలు ప్రతిరోజూ ఉంది, ఉప్పు మొదటిరోజే ఉంది. ఆ ఇంజను నరాల నిండా సముద్రం పెట్టుకుని వచ్చింది. ఇంకే ఊళ్ళోనైనా ఆ సాక్ష్యం కాలవలో కొట్టుకుపోయేది.

వాడు పనిచేసే బండ మీద స్పానర్లు వరసగా పేర్చి ఉన్నాయి, డిపోలో నేను నేర్పినట్టే. వాటి పక్కన కొత్తగా కోసిన ఇత్తడి కడ్డీ ముక్క, బొటనవేలంత. కింద నోటు పుస్తకం. రాసిన ఆఖరి పేజీలో వాడి గుండ్రటి అక్షరాలు.

"కంప్రెషన్: ముందు సిలిండరు 130, వెనకది 95. రెండూ దగ్గర దగ్గరగా ఉండాల. గంటల మీటరు 41, నమ్మకం లేదు. ఇంజను తలకాయ మీద నీళ్ళ గొట్టం మొన ఉప్పుకు తినేసింది. లప్పం పెట్టి పైన నల్ల రంగేసినారు. కొనొద్దని బుధవారం ధనుంజయకు చెప్పినా. నీళ్ళ మీద చూపిస్తేనే నమ్ముతా అన్నాడు. ఆదివారం కేశవయ్య సార్ దగ్గరికి పోవాల."

ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాను. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. నేను తిరిగి బయల్దేరినప్పుడు ఎనిమిదయింది.

"సారూ, పోలీసోల్లకు నువ్వే చెప్పు. నాకు నోరు రావడంల్యా" అంది వెనక నుంచి వరమ్మ.

*

రిజర్వాయరు ఒడ్డున షెడ్డు, లోపల నీళ్ళలోంచి లాగి తెచ్చిన బండి. ఎనిమిదీ నలభై. తాళం తీసింది ధనుంజయే. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు రోజుల గడ్డం, నిద్రలేని మొహం.

"షెడ్డుకు తలుపెప్పుడు పెట్టించారు?"

"గురువారం పొద్దున సార్. బండి ఇంగ ఈడే పెట్టుకుందామని."

"తాళంచెవులు ఎన్ని?"

"ఒగటే. నా దగ్గరే ఉండాది."

"గురువారం బండి నీళ్ళలోకి దింపింది ఎన్నింటికి?"

"నాలుగూ అయిదుకు. నేను ఒడ్డునే ఉండాను."

"మునిగింది?"

"నాలుగున్నరకు. నూటాయాభై గజాల దూరంలో ఆగిపాయ. తోక కిందికి పోయె. చెయ్యి ఊపె సార్… నాకు ఈత రాదు."

"వాడికీ రాదు. బావులెండిన ఊళ్ళో పెరిగినవాడికి ఈత ఎవరు నేర్పుతారు? లైఫ్ జాకెట్టేదీ?"

"ఆర్డరిచ్చినాం. ఇంకా రాలేదు."

"అయితే జాకెట్లు వచ్చేదాకా బండి దింపకూడదు. ఈ ముక్క అర్థం చేసుకోవడానికి మెకానిక్కే కానక్కర్లేదు."

అతను తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు. ఆ రోజు జాలి అంతా ఒక్క మనిషికే సరిపోయింది.

"ఆ ఇరవై అయిదు నిమిషాల్లో మధ్యలో ఎక్కడన్నా ఆపినాడా?"

"రెండుతూర్లు ఒడ్డుకొచ్చి ఆపినాడు. పొగ చూడు, శబ్దం ఇను, వెనక సిలిండరు పని చేస్తాండదు అని చూపిచ్చినాడు."

"ఎంతసేపు ఆపాడు?"

"అయిదు నిమిషాలు ఒగసారి. ఇంగోసారి ఏడెనిమిది."

"తోకలో రెండు రంధ్రాలు తెరిచి ఉన్న బండి అయిదు నిమిషాలు కదలకుండా నిలబడితే ఏమవుతుంది ధనుంజయా?"

"అప్పుడే మునగాలి, మునగలేదు" అని నేనే అన్నాను. అతను షెడ్డులో ఎండ లేకపోయినా మెడ తుడుచుకున్నాడు.

సీటు ఎత్తి చూశాను. ఈ బండి ఇంజను చల్లబడేది అది తేలే నీళ్ళతోనే. కింద పంపు నీళ్ళను గొట్టంలోకి తోస్తుంది, అవి ఇంజను చుట్టూ తిరిగి బయటికి పోతాయి. ఆ గొట్టం దారిలో ఊడిపోతే నీళ్ళన్నీ బండి పొట్టలోకే. రెండు మూడు నిమిషాలు చాలు. యేసుప్రసాద్ రాసిన చోటే గొట్టం ఊడి వేలాడుతోంది. దాని నోట్లో విరిగిన లోహపు మొన, మొనకు లప్పం, లప్పం మీద నల్ల రంగు. రంగు కింద అల్యూమినియం చెదపట్టిన చెక్కలా పొడిపొడిగా ఉంది. వాడు పైనుంచి కొత్త క్లిప్పు ఒకటి బిగించాడు. కుళ్ళిన మొనకు ఎంత మంచి క్లిప్పు వేస్తే ఏం లాభం?

మునగడానికి కారణం దొరికింది. కానీ ఖాళీ రంధ్రాలు ఖాళీగానే ఉన్నాయి. బండి నీళ్ళలోంచి తీసినప్పుడు బిరడాలు లేవంటే, ఊళ్ళో ఎవడైనా గొట్టం సంగతి పక్కన పెట్టి ఆ తల్లినే చూపిస్తాడు. నేను నేల మీద బోర్లా పడుకుని టార్చి వేశాను.

కుడి రంధ్రం మరల్లో ఏదో చిక్కుకుని ఉంది. పట్టకారుతో లాగాను. బెత్తెడు నార పోగు. దానికి పైపు ఫిట్టర్లు పూసే ఎర్ర లప్పం. ప్లాస్టిక్ బిరడాకు రబ్బరు రింగు ఉంటుంది, నార చుట్టరు. నార చుట్టేది లోహానికి. బోరు పైపు బిగించే ప్రతివాడికీ అది చేతి అలవాటు. పోగును వెలుతురులో తిప్పి చూశాను. పేనిన మెలిక మామూలుగా ఉండే వైపు కాకుండా రెండో వైపుకు తిరిగి ఉంది. ఎందుకో అప్పుడు తెలియలేదు. కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాను.

టార్చి కిందికి దింపితే సిమెంటు నేల మీద, సరిగ్గా తోక కింద, పసుపు పచ్చగా మెరిసింది. ఇత్తడి రజను. పళ్ళున్న పైపు రెంచి గట్టిగా కరిస్తే రాలే రజను. గోడకు తగిలించిన రెంచి పళ్ళ సందుల్లో కూడా అదే రంగు.

ధనుంజయ తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను లేచి ప్యాంటు దులుపుకుని, "నడుం నొప్పి" అన్నాను.

*

తొమ్మిదిన్నరకు జీపు దిగాడు ప్రదీప్‌కుమార్. కడపలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతాడు. ఇస్త్రీ చొక్కా, తోలు ఫైలు. మేమిద్దరం ఇంతకుముందు రెండు కేసుల్లో తగులుకున్నాం. ఒకటి అతను గెలిచాడు, ఒకటి నేను. అమ్మే బసవరాజూ, కొనే ధనుంజయా ఇద్దరూ అతన్నే పెట్టుకున్నారని అప్పుడు తెలిసింది.

"నమస్తే కేశవయ్యగారూ. బస్సులు వదిలేసి పడవలకొచ్చారా?"

"నీళ్ళు నిండినాయి కదప్పా, అందరం వస్తాం."

"మీరు శ్రమ పడకండి. నా రిపోర్టు అయిపోయింది. ఇంజను కండిషన్ బాగుంది. డ్రైవరు బిరడాలు పెట్టకుండా బండి దింపాడు. పన్నెండింటికి ఎస్సైగారి టేబుల్ మీద ఉంటుంది, ఫైలు క్లోజు. వచ్చే ఆదివారం ఇదే బండి ఆరబెట్టి తిప్పుకుంటారు."

"పిల్లల్ని ఎక్కించుకుని?"

"టికెట్టు కొన్నవాళ్ళని."

"రిపోర్టు చూపించు."

గర్వం ఉన్న మనిషికి అడిగితే చాలు, చూపిస్తాడు. టైపు చేసిన రెండు పేజీలు. మొదటి లైనులోనే నా కన్ను ఆగిపోయింది. "శుక్రవారం ఉదయం తొమ్మిదీ నలభై అయిదుకు బండిని స్వయంగా పరీక్షించాను. అడుగు బిరడాలు రెండూ లేవు."

షెడ్డు బయట బొజ్జన్న వల బాగుచేసుకుంటున్నాడు. రిజర్వాయరులో పుట్టి వేసుకుని చేపలు పట్టే ముసలాయన. బండిని కొక్కేలు వేసి లాగింది అతనూ, అతని తమ్ముళ్ళూ.

"బొజ్జన్నా, బండి బయటికి తీసింది ఎన్నింటికి?"

"పదకొండున్నర సారూ. కోడుమూరు బస్సు పోయినంకనే తాళ్ళు ఏసినాం. అంతకుముందు పిల్లోని కోసరం ఎతుకులాట, పంచనామా. బండి సంగతి ఎవురికి కావాల?"

నేను ప్రదీప్‌కుమార్ వైపు తిరిగాను. "తొమ్మిదీ నలభై అయిదుకు బండి ఇరవై అడుగుల నీళ్ళ కింద ఉంది. నువ్వు మునిగి పరీక్షించావా? చొక్కా ఇస్త్రీ చెడలేదే."

ఒక్క క్షణం అతని మొహంలో రంగు మారింది. అంతే, మళ్ళీ సర్దుకున్నాడు. "గడియారం పొరపాటు. దిద్దిస్తాను."

"గడియారం పొరపాటు కాదు. నువ్వు రిపోర్టు ముందే రాసుకున్నావు. తర్వాత బండిని రిపోర్టుకు తగ్గట్టు మార్చారు."

"నిరూపించండి."

"నిరూపిస్తా."

"ఎలా?" నవ్వుతూ ఫైలులోంచి ఇంకో కాగితం తీశాడు. "చనిపోయినవాడి తల్లే ఒప్పుకుంది. ఈ ఉదయం ఎనిమిదింబావుకు. మీరు వీధి మలుపు తిరిగిన తర్వాత నేను వెళ్ళాను. మనిషి నా కోసమే కాచుకున్నట్టుంది. అంతా తనే చెప్పింది, పాపం."

స్టాంపు కాగితం. కింద నీలం సిరాలో వేలిముద్ర. చదివాను. "నా కొడుకు యేసుప్రసాద్‌కు తాగుడు అలవాటు. ఆ రోజు కూడా తాగి ఉన్నాడు. బిరడాలు నా దగ్గరే వదిలి వెళ్ళాడు. బండిలో ఏ లోపమూ లేదు. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు."

కాగితం అతని ఫైలు మీద విసిరేశాను. అరవై ఏళ్ళ మనిషికి కోపం వస్తే ఇంతకంటే ఏం చెయ్యగలడు?

"తాగుడెక్కడిదప్పా?" అన్నాను.

నాకంటే ముందు ధనుంజయ మాట్లాడాడు. "వాడు తాగడు గదా ప్రదీపన్నా. టీ కూడా తాగడే… ఇది రాయమని నేను చెప్పల్యా."

"నువ్వు నోరు మూసుకుంటే మంచిది" అన్నాడు ప్రదీప్‌కుమార్. ఆ గొంతులో మర్యాద పోయింది.

నేను నోటు పుస్తకం సంగతి గానీ, నార సంగతి గానీ ఎత్తలేదు. చేతిలో ఉన్నదంతా అక్కడే పరిస్తే అతను పన్నెండింటిలోపు దానికీ ఒక కాగితం పుట్టిస్తాడు. బొజ్జన్నను పక్కకు పిలిచాను. "తలుపుకడ్డంగా కూర్చో. చీపురుతో ఎవడు లోపలికి పోయినా కేకెయ్యి. గోడ మీది రెంచి కూడా కదలకూడదు."

"పిల్లోడు నా పుట్టికి మోటారు పెట్టిస్తాననె సారూ" అన్నాడు బొజ్జన్న. వల అంతా తీసుకొచ్చి గడప మీద పరుచుకుని దాని మీద కూర్చున్నాడు.

*

వరమ్మ ఇంటికి తిరిగి వచ్చేసరికి పదీ యాభై. అదే అరుగు, అదే కూర్చోవడం. బొటనవేలికి నీలం సిరా ఇంకా ఉంది.

"కాగితం మీద వేలిముద్ర వేశావా వరమ్మా?"

"ఏస్తి. బిరడాలు నా కాడే మిగిలిపోయినాయని రాసినాననె. నిజమే గదా అని ఏస్తి."

"చదివి వినిపించాడా?"

"లేదు. నేను అడగల్యా. నాకు ఇనాలని లేకపాయ."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. జేబులోంచి కాగితం మడత తీసి, ఎర్ర లప్పం అంటిన నార పోగు ఆమె ముందు పెట్టాను. ఏమిటో చెప్పలేదు. చెప్పి చూపిస్తే అది సాక్ష్యం కాదు.

ఆమె దాన్ని ఎడమ చేత్తో తీసుకుంది. వేళ్ళ మధ్య పెట్టి మెల్లిగా తిప్పింది.

"ఇది నా నార. యాడ దొరికె నీకు?"

"నీదని ఎట్లా తెలుసు?"

"గోగుకట్టె నానేసి నేను తీసిన నార సారూ. పేనింది నేనే. నాది ఎడం చెయ్యి గదా, మెలిక ఇట్ల తిరుగుతాది. అందరిదీ అట్ల తిరుగుతాది. వాడు అంగట్లో నార కొననే కొనడు. 'నువ్వు పేనిందయితే బిగించేటప్పుడు ఇడిపోదు మా' అనేవాడు. ఇన్ని బోర్లు బిగిచ్చినాడు, అన్నిటికీ నా నారే."

బండ మీది ఇత్తడి ముక్క ఎందుకుందో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. పాత బిరడాల రబ్బరు పగిలిందని వాడు చూశాడు. బుధవారం కోడుమూరులో లోహం చెక్కే లేతు దగ్గర ఇత్తడి బిరడాలు చేయించుకుని ఉంటాడు. గురువారం తల్లి చేనుకు పోయాక, ఆమె నార చుట్టి, లప్పం పూసి, బండికి బిగించాడు. పాతవాటి కోసం ఆమె తిత్తి వెతకాల్సిన అవసరమే వాడికి లేకపోయింది. సాయంత్రం వచ్చి చెబుదామనుకుని ఉంటాడు.

"వరమ్మా, ఇది బండి తోక తూటులో దొరికింది. వాడు బిరడాలు మర్చిపోలేదు. కొత్తవి పెట్టుకునే పోయినాడు. నీ తిత్తిలో ఉన్నవి పనికిరాని పాతవి. బండి మునిగింది ఉప్పుకు తినేసిన గొట్టం ఊడి. ఆ సంగతి వాడు ముందే కనిపెట్టినాడు, కొనొద్దని చెప్పినాడు. నువ్వు చంపలేదు. నీ నార ఒక చుక్క నీళ్ళు కూడా లోపలికి రానియ్యలేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను ఊరడించడానికి చెబుతున్నానేమో అని వెతికింది. వెతికి వెతికి, నార పోగును పిడికిట్లో బిగించి, ఆ పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. రెండు రోజులది ఒకేసారి. పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. నేను కూడా ఏడ్చాను. ఆదివారం రారా అన్న మాట గుర్తొచ్చి ఏడ్చాను.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"బిగిచ్చినవి యాడికి పాయ మరి? దొంగిలిచ్చినారా?"

"బండి నీళ్ళలోంచి తీసినాక షెడ్డులో రెంచితో ఊడదీసినారు. రజను నేల మీదే ఉంది. ఆ తాళంచెవి ధనుంజయ దగ్గర ఒక్కటే ఉంది. తియ్యమన్నవాడు ప్రొద్దున నీ దగ్గరికి కాగితం తెచ్చినవాడు."

"ఎందుకప్పా?"

"వాడిదే తప్పని చెప్పడానికి. బండి మంచిదని చెప్పి, వచ్చే ఆదివారం పిల్లల్ని ఎక్కించడానికి." నేను ఇంకో మాట దాచుకోలేకపోయాను. "నువ్వు వేలిముద్ర వేసిన కాగితంలో, వాడు తాగి బండెక్కినాడని కూడా రాసి ఉంది."

వరమ్మ బొటనవేలి సిరా వైపు చూసుకుంది. లేచి డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. చెంబుతో నీళ్ళు ముంచుకుని, మాడిపోయిన చామంతి మడి పక్కన నిలబడి, ఆ వేలిని రాయికేసి తోమింది. నీలం పోలేదు. నీళ్ళు మాత్రం పచ్చ మడిలోకి పోయేలా చెయ్యి అటు పెట్టుకుంది.

టైము పదకొండూ ఇరవై. పోలీసు స్టేషనుకు నా స్కూటరు మీద ఇరవై నిమిషాలు.

ఆమె తిరిగి వచ్చి అరుగు మీద నా ఎదురుగా కూర్చుంది. పిడికిట్లో నార అలాగే ఉంది. కొడుకు బండ మీది నోటు పుస్తకం తెచ్చి, ఖాళీ పేజీ తీసి నా ముందు పెట్టింది.

"రాయి సారూ. ఈ తూరి మొత్తం సదివి ఇనిపిచ్చు. ఇన్నాకనే ఏలు ఏస్తా."